విజయనగరంలో ఫొటో గీతల క్లాసు: పొద్దున నడకకి వెయ్యి ఇవ్వొచ్చు, మధ్యాహ్నం హాలుకి వందే ఎక్కువ

ఫీజు ఎనిమిది వందలు. పొద్దున కోట దగ్గర నుంచి నడిపించిన నడకకి వెయ్యి అడిగినా ఇవ్వొచ్చు. మధ్యాహ్నం హాల్లో కూర్చోబెట్టినదానికి మాత్రం వంద కూడా దండగే.

పెళ్లి ఫొటోలు తీసే ఒకాయన ఖాళీ ఉన్న ఆదివారాల్లో నడుపుతున్న క్లాసు ఇది. విషయం ఒక్కటే, ఫొటోలో గీతల్ని ఎలా వాడుకోవాలని. ఫోన్ ఉంటే చాలు, కెమెరా అక్కర్లేదు. నేను బిల్డింగు సైటులో సూపర్‌వైజర్‌ని. రసమట్టం, దారం నా చేతిలోంచి దిగవు. గోడ కాస్త వంగినా నాకు అన్నం సయించదు. గీతలు అనగానే చేరడానికి అదే కారణం.

మొదలు కోట దగ్గర. 1713లో కట్టిన చదరపు కోట, ఒక్కో పక్క సుమారు 240 మీటర్ల గోడ. ఎదురుగా నిలబడి తీస్తే ఫ్రేము నిండా రాయే వస్తుంది. ఆయన ఫోన్‌ని గోడ వారగా పట్టుకుని మోకాలి ఎత్తుకి దించమన్నారు. అంతే, గోడ అంచు ఫ్రేము కింది మూలలోంచి బయల్దేరి సన్నబడుతూ బురుజు దాకా పోయింది. మేమంతా అబ్బో అనుకున్నాం. ఆయన మాత్రం మెచ్చుకోలేదు. "గీత బాగుంది బాబూ, మరది ఎక్కడికి ఎల్తంది? ఆ సివర ఏటుంది?" అన్నారు. చూస్తే చెత్తకుండీ! అరటిపళ్ల బండి తోసుకుంటూ ఒకతను అటుగా వస్తున్నాడు. ఆగమన్నారు. బండి గీత చివరికి చేరాక తీసిన ఫొటోలో కన్ను నేరుగా అతని మీదికే పోయింది. అదే గోడ, అదే ఎండ.

నిజానికి క్లాసంతా ఈ ఒక్క ప్రశ్నే. గీత చివర ఎవరో ఒకరు, ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే చూసేవాడి కన్ను గీత పట్టుకుని ఫ్రేము బయటికి వెళ్లిపోతుంది. ఫోన్ కెమెరాలో ఎక్కువ వెడల్పు పట్టే 0.5 నొక్కితే దగ్గరున్న గీత సాగి పెద్దదవుతుంది కానీ చివరున్న మనిషి చీమంత అయిపోతాడని పక్కపక్కనే తీసి చూపించారు. 

యూట్యూబులో ఈ పాఠం అంటే రైలు పట్టాల మధ్య నిలబడ్డ కుర్రాడి ఫొటో తప్పనిసరి. ఈయన పట్టాల జోలికే పోలేదు. అలా పట్టాల మీదికి దిగడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరమని ముందే చెప్పేశారు. మర్యాదస్తుడు.

తర్వాత గంటస్తంభం. 1885 నాటిది, ఎనిమిది పలకలు, 68 అడుగుల ఎత్తు. కింద నిలబడి ఫోన్ పైకెత్తితే నిలువు అంచులన్నీ పైన దగ్గరపడి, స్తంభం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. నాలాంటివాడికి అది చూస్తే టెన్షన్. ఆయన చెప్పిన మార్గం తేలిక. దూరం జరగాలి, ఫోన్ నిటారుగా పట్టుకోవాలి, తెర మీద అడ్డం, నిలువు గీతలు చూపించే గ్రిడ్ ఆన్ చేసి అంచుని దాని నిలువు గీతకి సరిచూసుకోవాలి, కింద ఎక్కువ పడిన రోడ్డుని కత్తిరించేయాలి. కరెంటు తీగలకి మాత్రం ఆయన దగ్గరా మందు లేదు.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది సిరిమాను ముచ్చట. మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మ పండగలో ఊరేగించే పొడవాటి మానే సిరిమాను. పండగ విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. గుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగే ఆ చింతమాను, కొసన కూర్చున్న పూజారి, మాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన దృశ్యమే. ఆయన పాత ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టారు. ఎదురుగా తీసినదాంట్లో మాను పొట్టిగా, మొద్దులా ఉంది. పక్క నుంచి తీసినదాంట్లో అదే మాను ఫ్రేముని కింది మూల నుంచి పై మూలకి కోసుకుంటూ పోయింది, ఆగి ఉన్నా కదులుతున్నట్టే ఉంది. తర్వాత జనం తలల్ని చూడమన్నారు. వేలమంది చూపులు ఆ కొస మీదే. కంటికి కనబడని గీతలు అవన్నీ, మాను ఒక్కటే గీత అనుకోవద్దన్నారు. ఇన్నేళ్లూ పండగ ఫొటోలు తీస్తున్నవాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారు, వాళ్లూ నోరెత్తలేదు.

ఇంత చెప్పిన మనిషి మధ్యాహ్నం ఎందుకలా చేశారో తెలీదు. హాల్లో తెరలు లేని కిటికీలు, వెలిసిపోయిన ప్రొజెక్టరు. కార్టియే-బ్రెస్సోన్ అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ 1932లో ఫ్రాన్స్‌లోని ఇయేర్ ఊళ్లో తీసిన ఫొటో వేశారు. మెట్ల వంపు, కమ్మీలు కలిసి కన్నుని కింద వీధిలో దూసుకుపోతున్న సైకిల్ దగ్గరికి చేర్చే ఫొటో అది. పాఠానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు, కానీ తెర మీద సైకిలే కనబడలేదు. మిగతా సమయమంతా ఎడిటింగ్ యాప్ గురించి. చేతికిచ్చిన కాగితం పూర్తిగా ఇంగ్లీషు. మా పక్కన కూర్చున్న టైలరమ్మ దాన్ని మడిచి విసనకర్ర చేసుకుంది.

మంది కూడా ఎక్కువ. కోట గోడ వారన ఒకరి మోచెయ్యి ఇంకొకరి ఫ్రేములో పడుతోంది. సగం మందితో రెండు బ్యాచ్‌లు పెడితే బాగుంటుంది. పెద్ద కెమెరా తెచ్చుకున్నవాళ్లకి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు, వాళ్లు ఆలోచించుకోవాలి. ఫోన్‌తో బట్టలో, స్వీట్లో, ఇళ్లో ఫొటోలు తీసి అమ్ముకునేవాళ్లు వెళ్లొచ్చు. పండగకి ముందు వెళ్తే ఇంకా మంచిది.

డబ్బు ముందే ఫోన్‌పే చేయాలి, రాలేకపోతే తిరిగివ్వరు. పొద్దున నడక వరకే చేరతామంటే ఎంత తగ్గిస్తారో కట్టే ముందే అడగండి. నేను అడిగితే నవ్వి ఊరుకున్నారు.