మాడ్రిడ్–బార్సిలోనా మార్గంలో పోటీ: ముందూ తర్వాతా తిరిగినవాడి మాట

ఉండేది మాడ్రిడ్‌లో, ఆఫీసు పనులు బార్సిలోనాలో. 621 కిలోమీటర్ల ఈ హైస్పీడ్ మార్గంలో స్పెయిన్ ప్రభుత్వ సంస్థ రెన్ఫే ఒక్కటే రైళ్లు నడిపిన రోజుల నుంచీ తిరుగుతున్నాను. అప్పట్లో ప్రయాణం రేపనగా టికెట్ కొంటే, ఒక్క వైపుకే వంద యూరోలు దాటడం మామూలు. రైలు మాత్రం రెండున్నర గంటల్లో దించేది. వంక పెట్టడానికి ఉండేది కాదు, బేరానికీ ఉండేది కాదు.

దేశాల లోపలి ప్రయాణికుల రైళ్లలో పోటీని అనుమతించాలన్న యూరోపియన్ యూనియన్ నియమం 2020 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. 2021 మే 10న ఊయిగో అనే పోటీ సంస్థ దిగింది, ఆరంభ ధర 9 యూరోలు. నెల తిరగ్గానే రెన్ఫే తన చౌక రైలు ఆవ్లోను తెచ్చింది. అన్నాళ్లూ ఎందుకు తేలేదో ఎవరూ చెప్పరు! 2022 నవంబరులో ఎర్రటి బండ్లతో ఇర్యో అనే మరో సంస్థ కూడా చేరింది. మనవాళ్లకు చెబితే ‘ప్రైవేటుకు అప్పగించేశారన్నమాట’ అంటారు. కానీ ఊయిగో ఫ్రాన్స్ ప్రభుత్వ రైల్వేది. ఇర్యోలో పెద్ద వాటాదారు ఇటలీ ప్రభుత్వ రైల్వే. పట్టాలు, సిగ్నళ్లు చూసేది స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఆదిఫ్. కాబట్టి పోటీ బండ్లకే. దారిలోని జరగోజా దగ్గర సిగ్నల్ పాడైతే ఖరీదైన బండీ చౌక బండీ ఒకదాని వెనక ఒకటి ఆగాల్సిందే.

సౌకర్యంలో నా ఓటు ఇర్యోకు: సీటు వెడల్పు, కాఫీ తాగదగ్గది. ఊయిగో బండి రెండంతస్తులది, 509 సీట్లు. పైఅంతస్తు నుంచి దృశ్యం బాగుంటుంది కానీ ఇరుకు మెట్ల మీద పెట్టె మోయడం శిక్షే.

చౌక టికెట్‌లో అసలు మెలిక సామానుది. మా అత్తగారు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు, రెండు పెద్ద పెట్టెలతో ఒక చౌక బండి దగ్గరకు వెళ్లాం. ఆవకాయ, గోంగూర, కందిపొడి అన్నీ వాటిలోనే. పెద్ద పెట్టెలకు విడిగా కట్టాలన్నారు. కట్టాక లెక్క చూస్తే మామూలు హైస్పీడ్ రైలు టికెట్‌కు పెద్ద తేడా లేదు. ‘ఆర్టీసీ బస్సయితే పైన వేసేవాడు కదా నాయనా’ అన్నారావిడ.

పోటీ వల్ల పోయినదీ ఒకటుంది. తన మామూలు హైస్పీడ్ రైలు ఆవె పావుగంట ఆలస్యమైతే సగం, అరగంట దాటితే మొత్తం చార్జీ రెన్ఫే వెనక్కిచ్చేది. ప్రత్యర్థులకు ఆ భారం లేదు కాబట్టి 2024 జూలైలో ఆ గడువులను గంటకు, గంటన్నరకు పెంచింది. ఇంకో చిక్కు, ఒక సంస్థ టికెట్ మరో సంస్థ బండిలో చెల్లదు. మనం టికెట్ కొన్న సంస్థ చివరి బండి తప్పితే పక్క ప్లాట్‌ఫాం మీద మరొకటి కదులుతున్నా చూస్తూ నిలబడాలి.

అయినా ఐదుకు నాలుగు ఇస్తాను, చార్జీల కోసమే. మూడు సంస్థల ధరలూ పక్కపక్కన చూసి, మధ్యవారంలో కొంటే పాత ఖర్చులో సగం కూడా కావడం లేదు. ఆ తగ్గిన మార్కు మాత్రం నేను రోజూ ఎక్కే లోకల్ రైలు తరఫున. సెర్కానియాస్ అనే ఆ రైళ్లు ప్రభుత్వ ఒప్పందం కింద ఇంకా రెన్ఫే ఒక్కటే నడుపుతోంది. లాభం మిగలని చోట టికెట్ల పోటీ ఎలాగూ రాదు. అక్కడ ఆ ఒప్పందానికి టెండర్ పిలవడం ఒక్కటే దారి.