శ్రవణబెళగొళ నుంచి మంగళూరు దాకా, భోజనం వెంట

సెప్టెంబరు మొదటి వారంలో అమ్మనీ, ఇంటర్ చదువుతున్న మా అబ్బాయినీ తీసుకుని కర్ణాటకలో ఐదు రోజులు తిరిగాను. బెంగళూరు దాకా రైలు, అక్కడి నుంచి కారు. శ్రవణబెళగొళ, ధర్మస్థల, ఉడుపి, చివరికి మంగళూరు. అందరూ వెళ్ళే దారే. కానీ ఈసారి నాకు గర్భగుడుల కంటే భోజనశాలల మీద ఎక్కువ ధ్యాస ఉంది. ఒక మతం ఏం నమ్ముతుందో తెలుసుకోవాలంటే గ్రంథాలు చదవమంటారు. వాళ్ళ వంటింటి గుమ్మంలో కాసేపు నిలబడినా చాలా తెలుస్తుందని నాకు ఎప్పటినుంచో అనిపిస్తోంది. అమ్మ పుట్టు శాకాహారి, శనివారం ఒంటిపూట. అబ్బాయికి ఉల్లిపాయ లేనిదే ముద్ద దిగదు. ఈ ఇద్దరినీ వెంటబెట్టుకుని బయల్దేరాను.

బెంగళూరు నుంచి శ్రవణబెళగొళ సుమారు 145 కిలోమీటర్లు. దారిలో ఆలస్యమై, చీకటి పడ్డాక చేరాం. జైన ధర్మశాలలో గది దొరికింది కానీ భోజనం అయిపోయింది. అయిపోయిందంటే అన్నం మిగల్లేదని కాదు. సూర్యాస్తమయం తర్వాత అక్కడ వడ్డించరు. చీకట్లో పొయ్యి దగ్గరికి, దీపం దగ్గరికి చేరే పురుగులు చస్తాయి, తెలియకుండా ముద్దలోకి కూడా వస్తాయి. ఆ హింస వద్దని పొద్దు ఉండగానే తినేస్తారు. మేం అరటిపళ్ళు తిని పడుకున్నాం. అబ్బాయి మొహం మాడ్చుకున్నాడు. అమ్మ మాత్రం "మన పెద్దవాళ్ళూ దీపాలు పెట్టేలోపే తినేవాళ్ళురా" అంది.

మర్నాడు పొద్దున వంటాయనతో మాట్లాడాను. ఉల్లి, వెల్లుల్లి లేకపోవడం మనకు కొత్త కాదు. ఇక్కడ ఆలూ, క్యారెట్, ముల్లంగి కూడా లేవు. నేలలో పెరిగే దుంపలో లెక్కలేనన్ని సూక్ష్మజీవాలు ఉంటాయని, దుంపను పీకితే మొక్క మొత్తం పోతుందని వాళ్ళ నమ్మకం. అదే కాయను కోస్తే చెట్టు బతికే ఉంటుంది. పచ్చి అల్లం వాడరు, ఎండిన శొంఠి వాడతారు. ఆలూ ఉండాల్సిన చోట అరటికాయ ఉంటుంది. వానాకాలం నాలుగు నెలలు ఆకుకూరలు కూడా చాలామంది మానేస్తారు, ఆకుల మీద కంటికి కనిపించని పురుగులు ఎక్కువ కాబట్టి. ఇన్ని తీసేశాక ఇంకేం మిగులుతుందనుకున్నా. మధ్యాహ్నం చపాతీలు, సొరకాయ కూర, పప్పు, అన్నం పెట్టారు. ఇంగువ, జీలకర్రతోనే ఆ పప్పుకు అంత రుచి వచ్చింది. అబ్బాయి రెండోసారి వడ్డించుకున్నాడు.

వింధ్యగిరి ఎక్కడానికి ఆరు వందలకు పైగా మెట్లు, చెప్పులు లేకుండా ఎక్కాలి. ఎండెక్కితే రాయి కాలుతుంది, వాన పడితే జారుతుంది. ఏడింటికల్లా మొదలుపెట్టండి. పెద్దవాళ్ళకు డోలీ ఉంది, అమ్మను అందులోనే పంపాను. పైన 57 అడుగుల గోమటేశ్వరుడు, అంటే జైనులు కొలిచే బాహుబలి విగ్రహం, క్రీ.శ. 981 ప్రాంతంలో గంగరాజుల మంత్రి చావుండరాయుడు చెక్కించినది. విగ్రహానికి ఎదురుగా చేతిలో చిన్న గిన్నెలాంటిది పట్టుకున్న ముసలమ్మ బొమ్మ ఉంటుంది. చాలామంది చూడకుండా వెళ్ళిపోతారు, మీరు ఆగండి. ఆమె గుళ్ళకాయి అజ్జి. చావుండరాయుడు కుండలకొద్దీ పాలు పోయిస్తే అభిషేకం నడుము దాటి కిందికి రాలేదట. ఈ అవ్వ గుళ్ళకాయ అనే చిన్న కాయ చిప్పలో తెచ్చిన కాసిని పాలు పోయగానే విగ్రహం పాదాల దాకా తడిసి, పాలు కొండ దిగి పారాయట. తన పాల మీద అహంకారం ఉన్నవాడి పాలు చాలలేదని కథ. ఎదురుగా ఉన్న చంద్రగిరి మీద జైన గురువు భద్రబాహు, ఆయన శిష్యుడైన చంద్రగుప్త మౌర్యుడు ఆహారం మాని ప్రాణాలు వదిలారని జైనుల సంప్రదాయం చెబుతుంది. తినడానికి ఇన్ని నియమాలు పెట్టుకున్నవాళ్ళకు తినకపోవడం కూడా ఒక వ్రతమే.

బస గురించి: ధర్మశాల గదులు శుభ్రంగా, ఆడంబరం లేకుండా ఉన్నాయి. దుప్పట్లు మీవి తీసుకెళ్ళండి. సాయంత్రం ఐదు లోపు చేరలేకపోతే దారిలోనే తినేసి వెళ్ళండి. ఈ ఊళ్ళో ఒక రాత్రి చాలు.

హాసన్, సకలేశపుర మీదుగా శిరాడి ఘాట్ దిగి ధర్మస్థల చేరాం. వానకు ఘాట్‌లో బండి నత్తనడక నడిచింది, రెండు గంటలు అదనంగా పెట్టుకోండి.

ధర్మస్థల సంగతి వింటే మొదట అర్థం కాదు. దేవుడు మంజునాథుడు, అంటే శివుడు. పూజారులు వైష్ణవులు, మధ్వ సంప్రదాయంవాళ్ళు. క్షేత్రాన్ని తరతరాలుగా చూసుకుంటున్న హెగ్గడే కుటుంబం జైనులు. ఈ ఊరి పేరు వెనక కూడా భోజనం కథే ఉంది. 16వ శతాబ్దంలో దేవరాజ హెగ్గడే ఉడుపి నుంచి మాధ్వ మఠాధిపతి వాదిరాజ స్వామిని పిలిచాడు. స్వామి వచ్చాడు కానీ, ఇక్కడి లింగానికి వైదిక విధిలో ప్రతిష్ఠ జరగలేదు కాబట్టి భిక్ష తీసుకోనన్నాడు. హెగ్గడే కోరిక మీద ఆయనే ప్రతిష్ఠ చేసి, ఇక్కడి దానధర్మాలు చూసి ఊరికి ధర్మస్థల అని పేరు పెట్టాడట. ఒక పెద్దాయన భోజనం చెయ్యనంటే ఒక ఊరి చరిత్రే మారింది.

ఆ ఊళ్ళోనే ఇప్పుడు అన్నపూర్ణ భోజనశాల ఉంది. ఎవరు వచ్చినా ఉచితంగా భోజనం. మీది ఏ కులం, ఏ మతం అని ఎవరూ అడగరు. ఈ యాత్రలో సేవకు మొదటి మార్కు నేను దీనికే ఇస్తాను. క్యూ చూసి భయపడ్డాం, కానీ అరగంటలో విస్తరి ముందు ఉన్నాం. అన్నం, సారు, హుళి, కూర, పాయసం, మజ్జిగ. సారంటే మన చారు, హుళి అంటే సాంబారు. రుచి గొప్పదని చెప్పను, వేల మందికి వండే వంట అలాగే ఉంటుంది. కానీ వడ్డించేవాళ్ళు పరిగెత్తుతూ కూడా అమ్మ ముందు ఆగి "అజ్జీ, ఇంకొంచెం?" అని అడిగారు. ఆవిడ కిందికి వంగలేక ఇబ్బంది పడుతుంటే పక్కన కూర్చున్న ఒక అమ్మాయి తన గ్లాసు నీళ్ళు ముందుకు జరిపింది. గదులు క్షేత్రం తరఫునే దొరుకుతాయి, ధర తక్కువ. పండగలకు, వారాంతాలకు మాత్రం వెళ్ళగానే దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు.

ఉడుపిలో బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. ఫోటోలో గుడి చుట్టూ ఉండే రథబీది కనిపించే గది చూపించిన ఒక లాడ్జి, తీరా వెళ్ళాక వెనకవైపు కిటికీ లేని గది ఇచ్చింది. వేడినీళ్ళు ఉదయం ఆరు తర్వాతేనట, మఠంలో తెల్లవారుజామున దర్శనానికి వెళ్దామనుకున్న అమ్మకు అది చాలా కష్టమైంది. గది చూడకుండా డబ్బు కట్టవద్దు.

ఇక భోజనం. ఉడుపి వంట అంటే మనకు మసాలా దోశ గుర్తొస్తుంది. దాని మూలం మఠం వంటిల్లు. 13వ శతాబ్దంలో మధ్వాచార్యులు కృష్ణుణ్ణి ప్రతిష్ఠించినప్పటి నుంచి ఇక్కడ దేవుడికి నైవేద్యం పెట్టడమే పెద్ద సేవ. అష్టమఠాలు రెండేసి సంవత్సరాలు వంతులవారీగా పూజ చేసుకునే పర్యాయం పద్ధతిని కుదిర్చింది కూడా ఆ వాదిరాజ స్వామే. పర్యాయం చేతికి వచ్చిన మఠం ఆ రెండేళ్ళూ వచ్చినవాళ్ళకు అన్నం పెట్టాలి. ఈ వంటలు నేర్చినవాళ్ళు ఊళ్ళు దాటి హోటళ్ళు పెట్టారు. మద్రాసులో ఉడ్‌ల్యాండ్స్ పెట్టిన కె. కృష్ణారావు ఈ ప్రాంతం మనిషే.

మేం వెళ్ళింది చాతుర్మాస్యంలో, అంటే వానాకాలపు నాలుగు నెలల వ్రతంలో. వ్రతం పట్టినవాళ్ళకు మొదటి నెల కూరగాయలు, ఆకుకూరలు ఉండవు, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పుదినుసులు ఉండవు. మేం వెళ్ళినప్పుడు పెరుగు లేని నెల నడుస్తోంది. మొదటిదైన శాకవ్రతం నెలలో చింతపండు, మిరపకాయ కూడా నిషేధమని, పులుపుకు మామిడికాయ, కారానికి మిరియాలు వాడతామని ఒక పెద్ద వంటాయన చెప్పాడు. మిరపకాయ ఈ దేశానికి రాకముందు వంట ఎలా ఉండేదో ఆ ఒక్క నెలలో నాలుకకు తెలుస్తుందన్నమాట. ఈ మాట విన్నప్పుడు నిజంగా ఒళ్ళు జలదరించింది. పుస్తకాల్లో దొరకని పాత రుచిని ఒక వ్రతం ఇన్ని వందల ఏళ్ళు కాపాడుకొచ్చింది. పైగా, శ్రవణబెళగొళలో వానాకాలం ఆకు ముట్టని జైనులు, ఇక్కడ అదే వానల్లో శాకం మానే మాధ్వులు. చెప్పుకునే కారణాలు వేరు, వాన ఒక్కటే.

మట్టు గుళ్ళ అనే వంకాయ తినాలని అబ్బాయికి ఆశపెట్టాను. మట్టు ఊరివాళ్ళకు వాదిరాజ స్వామి ఇచ్చిన విత్తనాలని చెప్పుకుంటారు, తొలి కాపు కృష్ణుడికి ఇస్తారు, 2011లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది చలికాలపు కాపు, సెప్టెంబరులో దొరకదు. జనవరిలో వెళ్ళేవాళ్ళు అదృష్టవంతులు. దానికి బదులు రథబీది దగ్గర హోటల్లో పత్రొడె తిన్నాం, చేమ ఆకులకు బియ్యప్పిండి ముద్ద పట్టించి చుట్టి ఆవిరి మీద ఉడికించేది. ఈ యాత్రలో అన్నిటికంటే రుచైనది అదే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. కులం చూసి వేరే పంక్తి వెయ్యడం మీద ఉడుపిలో ఏళ్ళ తరబడి నిరసనలు జరిగాయి, పత్రికల్లోనూ వచ్చింది. ధర్మస్థల నుంచి నేరుగా వచ్చిన నాకు ఇది ఇంకా గట్టిగా తగిలింది. గుడి పడమటి గోడకు కనకన కిండి, అంటే కనకుడి కిటికీ ఉంది. కురుబ కులంలో పుట్టిన భక్తకవి కనకదాసును లోపలికి రానివ్వకపోతే కృష్ణుడే అటు తిరిగాడని కథ. ఆ కనకదాసే 'రామధాన్య చరితె'లో రాగికీ వరికీ తగువు పెట్టాడు. పెద్దింటి వరి, పేదింటి రాగి రెండిటినీ రాముడు ఆర్నెల్లు చెరలో పెట్టిస్తాడు. వరి పాడైపోతుంది, రాగి నిలుస్తుంది, రాముడు రాగికే పట్టం కడతాడు. ఏ ధాన్యం ఎవరిదో, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో అన్న గొడవ ఐదు వందల ఏళ్ళ కిందటే ఒక భక్తుడు తేల్చేశాడు. ఆ కిటికీ ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. నేనేమీ అడగలేదు.

ఏకాదశి నాడు మఠంలో భోజనం ఉండదు, తిథి చూసుకుని వెళ్ళండి.

మంగళూరు అరవై కిలోమీటర్లు కూడా లేదు. నాలుగు రోజులుగా ఓపిక పట్టిన అబ్బాయికి రాత్రి కోరి రొట్టి ఇప్పించాను. కరకరలాడే బియ్యపు రొట్టె మీద కోడి పులుసు పోసి నానబెట్టుకుని తింటారు. అమ్మకు పక్క హోటల్లో ఇడ్లీ. అక్కడి ఊరూ, హోటలూ మామూలే. నేను అసలు వచ్చింది మర్నాటి కోసం.

సెప్టెంబరు 8, మేరీమాత పుట్టినరోజు. మంగళూరు కొంకణి క్రైస్తవులకు మొంతి ఫెస్తు. నాతో పాటు పనిచేసిన ఆవిడ వాళ్ళింటికి పిలిచింది. అమ్మకు ముందు రోజు నుంచే టెన్షన్. "వాళ్ళింట్లో నేనేం తింటానే? తినకపోతే బాధపడతారు" అంటూనే ఉంది. మాంసం లేని పండుగ ఉండని ఇల్లని అమ్మ అనుకుంది. నేను కూడా ముందే చెప్పలేదు, చూసి తెలుసుకోనీ అని.

పొద్దున చర్చిలో పిల్లలు బుట్టల్లో పూలు తెచ్చి బాల మేరీ ముందు వేశారు. తర్వాత ఫాదర్ కొత్త వరి కంకులను ఆశీర్వదించి కుటుంబానికి ఇన్నని పంచారు. పిల్లలకు చెరుకు ముక్కలు. వరి కంకిని చూడగానే అమ్మ నడక మారింది, ముందుకు వెళ్ళి నిలబడింది. ఇంటికి వెళ్ళేసరికి అరిటాకులు వేసి ఉన్నాయి. సంవత్సరంలో ఆ ఒక్క పండుగకు వాళ్ళు మాంసం, చేప వండరు. కూరలు మాత్రం మూడో, ఐదో, ఏడో, బేసి సంఖ్యలో ఉండాలి. అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, ఏడు. బెండకాయ, బీరకాయ, దోసకాయ, ఇంకా చేమ ఆకులూ కాడలూ కలిపి, పులుపుకు అంబడె కాయలు వేసిన కూర. ఆ కూరను అమ్మ మూడుసార్లు అడిగి వేయించుకుంది. పక్కన మెత్తటి సన్నాలు. ఇడ్లీలాంటివే, కానీ పిండి పొంగడానికి కల్లు కలుపుతారు. అది చెప్పాక అమ్మ ఒక్క క్షణం ఆగి, అన్నం వడ్డించుకుంది. ఎవరూ బలవంతపెట్టలేదు.

ఈ భోజనం ఏ హోటల్లోనూ దొరకదు, తెలిసినవాళ్ళు ఉంటే సిగ్గుపడకుండా అడిగి వెళ్ళండి. ఆ రోజుకు మంగళూరులో గది నెల ముందే చూసుకోవాలి.

తినడానికి ముందు ఇంటి పెద్దావిడ చర్చి నుంచి తెచ్చిన కంకి విప్పింది. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని గింజలు పొట్టు తీసి, కొబ్బరిపాలలో కలిపి అందరికీ తలా ఒక చెంచా పోస్తారు. వాళ్ళింట్లో ఉండేది ఐదుగురు. ఆవిడ ఎనిమిది గింజలు వలిచింది.