పాకం పట్టకుండా చేసే ఉండలు: ఖర్జూరమా, బెల్లమా, తేనె–పల్లీ వెన్నా?

ఎనర్జీ బాల్స్ అన్న పేరు కొత్తదే గానీ తయారీ మనకు కొత్త కాదు. నాగుల చవితికి చేసే చిమ్మిలికి పాకంతో పని లేదు. నువ్వులు, బెల్లం కలిపి దంచి ఉండ కడతారు, అంతే. ఇప్పుడు ఖర్జూరంతోనూ, తేనె–పల్లీ వెన్న (పీనట్ బటర్)–ఓట్స్‌తోనూ చేస్తున్నారు. చాలామంది ముందు కోకోనా, కొబ్బరా అని ఫ్లేవర్ దగ్గర మొదలుపెడతారు. ముందు తేల్చుకోవాల్సింది ఉండకు పట్టు దేనివల్ల వస్తుందో. ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, ఎండకు ఆగుతుందా, ఏ రుచి కలుస్తుంది అన్నవన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

ఖర్జూరం ఉండలు

గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 200 గ్రాములు, బాదం లేదా జీడిపప్పు లేదా పల్లీలు 100 గ్రాములు, నువ్వులో గుమ్మడి గింజలో 50 గ్రాములు, చిటికెడు ఉప్పు. 20 గ్రాముల చొప్పున 17 ఉండలు వస్తాయి. కిమియా రకం ఖర్జూరం మెత్తగా, తడిగా ఉంటుంది కాబట్టి దీనికి బాగా సరిపోతుంది. ఎండు ఖర్జూరం పనికిరాదు. ఎంత నానబెట్టినా పీచులాగే ఉండిపోతుంది.

పప్పులు దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పుతూ కచ్చాపచ్చాగా చేసి పక్కకు తీయాలి. అదే జార్‌లో తర్వాత ఖర్జూరం వేయాలి. ఈ వరస తప్పితే ఖర్జూరం ముద్దయి బ్లేడు కింద ఇరుక్కుపోతుంది. బ్లేడు తిరగదు, మోటారు వేడెక్కి వాసన వస్తుంది. ఖర్జూరం నలిగాక పప్పుల పొడి మూడు విడతలుగా వేసి కలపాలి. చిటికెడు పిండి తీసి బొటనవేలితో నొక్కండి. వేలిముద్ర నిలిచి, అంచులు పగలకపోతే ఉండ కట్టొచ్చు.

పొడిపొడిగా రాలిపోతుంటే నీళ్లు చల్లకండి. ఇంకో రెండు ఖర్జూరాలు నలిపి కలపండి. నీళ్లు చేరితే నిలవ తగ్గి బూజు పడుతుంది. ఖర్జూరం గట్టిగా ఉంటే వేడినీళ్లలో నానబెట్టే బదులు ఇడ్లీ రేకుల్లో పెట్టి 5 నిమిషాలు ఆవిరి పట్టండి. తడి తక్కువ పడుతుంది. మరీ జిగురైతే పుట్నాల పొడి ఒక చెంచా కలిపి, పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయాలి.

"ఇందులో చక్కెర లేదు" అనే మాట మాత్రం నమ్మొద్దు. ఖర్జూరంలో మూడింట రెండొంతులకు దగ్గరగా ఉండేది చక్కెరే. ఈ కొలతతో 20 గ్రాముల ఉండలో దాదాపు 7 గ్రాములు ఉంటుంది. బెల్లం ఉండలోనూ అంతే. పీచు ఉండటం ఖర్జూరానికి ఉన్న లాభం. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం దీన్ని స్వీటుగానే లెక్కేసుకోవాలి.

బెల్లం ఉండలు

నువ్వులు 200 గ్రాములు, తురిమిన బెల్లం 130 గ్రాములు, యాలకులు మూడు. నువ్వుల్లో సగం తీసేసి పల్లీలు వేసుకోవచ్చు. మూడింటిలో ఖర్చు తక్కువది, ఎండకు ఆగేది ఇదే.

కొందరు పచ్చి నువ్వులతోనే చేస్తారు. నిలవ ఉంచాలంటే వేయించినవే మేలు. నువ్వుల్లో ఇసుక ఉంటుంది కాబట్టి కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, సన్న మంట మీద చిటపటలాడే దాకా వేయించి దించాలి. చల్లారాక మిక్సీలో పొడి చేసి, బెల్లం వేసి మళ్లీ ఆపి ఆపి తిప్పాలి. నువ్వుల బరువులో దాదాపు సగం నూనె ఉంటుంది. నలిగేకొద్దీ అది బయటికొచ్చి బెల్లంతో కలిసి పట్టు ఇస్తుంది. వేడి మీద రుబ్బితే ఆ నూనె ఒక్కసారిగా దిగి పిండి జిడ్డుగా జారుతుంది, బెల్లం కరిగి గడ్డకడుతుంది. మిక్సీ ఎక్కువసేపు తిప్పినా అంతే. అలా జారిపోయిన పిండిని పారేయక్కర్లేదు. వేయించిన పల్లీలు కచ్చాపచ్చాగా దంచి కలిపితే దారికొస్తుంది.

బెల్లంతోనే అసలు చిక్కు. పాకమైతే వడకట్టి నలకలు తీసేయొచ్చు. ఇక్కడ ఆ అవకాశం లేదు, బెల్లంలో ఇసుక ఉంటే పంటికి తగలాల్సిందే. కొనేటప్పుడే చిన్న ముక్క నీళ్లలో కరిగించి అడుగున ఏం మిగులుతుందో చూసుకోవాలి. ప్యాకెట్లలో వచ్చే పొడి బెల్లం ఆరిపోయి ఉంటుంది, పట్టు ఇవ్వదు. అదే ఉంటే రెండు చెంచాల నెయ్యి కరిగించి కలపక తప్పదు. చేత్తో నొక్కితే కాస్త మెత్తబడే అచ్చు బెల్లం దీనికి సరైనది.

తేనె, పల్లీ వెన్న, ఓట్స్

ఓట్స్ 150 గ్రాములు, పల్లీ వెన్న 120, తేనె 80. పల్లీ వెన్న ఇంట్లో ఉంటే మిక్సీ తీయక్కర్లేదు, ఒక గిన్నె, గరిటె చాలు. ఓట్స్ మూకుట్లో 5 నిమిషాలు వేయించి చల్లార్చండి, పచ్చి వాసన పోతుంది. పల్లీ వెన్న, తేనె ముందు కలిపి అందులో ఓట్స్ పోయాలి. కలపగానే ఉండ రాదు. అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే ఓట్స్ తడిని పీల్చుకుని పట్టు వస్తుంది. ఆ ఓపిక లేక ఇంకా తేనె పోసేవాళ్ల ఉండలు మర్నాటికి పళ్లెంలో చదునుగా పరుచుకుంటాయి. రేకుల్లా నొక్కిన రోల్డ్ ఓట్స్ వాడండి. ఇన్‌స్టంట్ రకం పిండిముద్ద అవుతుంది, ముక్కలుగా కోసిన స్టీల్‌కట్ పంటికి రాయిలా తగులుతుంది.

చక్కెర మూడింటిలో దీంట్లోనే తక్కువ, ఉండకు దాదాపు 4 గ్రాములు. కేలరీలు మాత్రం 85 పైన. ఖర్జూరం ఉండకు సుమారు 80, నువ్వుల ఉండకు 100. కాబట్టి బరువు తగ్గడానికని రోజూ అరడజను తినే లెక్క ఏ ఉండతోనూ కుదరదు. దీని బలహీనత ఎండ. ఏప్రిల్, మే నెలల్లో బయట పెడితే పల్లీ వెన్న మెత్తబడి ఆకారం పోతుంది. ఫ్రిజ్ దగ్గరలో ఉంటేనే చేయండి.

ఫ్లేవర్ల సంగతి

రకరకాల రుచులు కావాలంటే ఖర్జూరానికే ఓటు. దాని సొంత రుచి మెత్తన, ఏది కలిపినా ఇముడుతుంది. కోకో పొడి రెండు పెద్ద చెంచాలు వేస్తే అది తడిని లాగేస్తుంది, అందుకే ఖర్జూరం మరో రెండు పెంచాలి. అర చెంచా ఇన్‌స్టంట్ కాఫీ పొడి, ఉప్పు కాస్త ఎక్కువ పడితే చాక్లెట్ రుచి తేలుతుంది. కొబ్బరికి పప్పుల్లో 40 గ్రాములు తగ్గించి ఎండు కొబ్బరి తురుము వేయండి. పచ్చి కొబ్బరి అయితే ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచొద్దు. నిమ్మకు రసం పిండితే పిండి జావ అవుతుంది. పైతొక్క రంగున్నంత వరకే తురమండి, కింది తెల్ల పొర చేదు.

వీటన్నిటికంటే బాగుండేది మామిడి తాండ్ర. 70 గ్రాముల తాండ్రను కత్తెరతో సన్నగా కత్తిరించి, అంతే బరువు ఖర్జూరం తగ్గించి, జీడిపప్పుతో చేయాలి. పులుపు తగిలి తీపి వెగటు పోతుంది. తాండ్రను 20 నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచి కత్తిరిస్తే కత్తెరకు అంటుకోదు.

బెల్లం–నువ్వులకు కోకో, నిమ్మ అతకవు. శొంఠి అర చెంచా, మిరియాల పొడి పావు చెంచా వేస్తే చలికాలానికి హాయిగా ఉంటుంది. ఓట్స్ ఉండలకు దాల్చిన చెక్క, ఎండు ద్రాక్ష చాలు. రాగి పిండి ఏ రకంలో కలిపినా సన్న మంట మీద పది నిమిషాలు వేయించాకే కలపాలి, లేకపోతే పచ్చి పిండి నోటికి అంటుకుంటుంది. అవిసె గింజలు వేయించి, అప్పటికప్పుడు పొడి చేసి వేయండి. ముందే కొట్టి పెట్టిన పొడి పాత నూనె వాసన పట్టేస్తుంది.

నిలవ

ఖర్జూరం ఉండలు బయట వారం లోపు, ఫ్రిజ్‌లో మూడు వారాలు. నువ్వుల ఉండలు గాలి చొరని డబ్బాలో బయటే రెండు వారాలు ఆగుతాయి. అందుకే హాస్టల్‌కి పంపాలన్నా, బస్సు ప్రయాణానికి కట్టాలన్నా అవే పెట్టండి. వానాకాలంలో బెల్లం గాలిలోని తేమను పీల్చి పైన చెమ్మగా అవుతుంది. ఉండలను వేయించిన నువ్వుల్లో దొర్లించి పెడితే ఒకదానికొకటి అంటుకోవు. ఓట్స్ ఉండలు ఫ్రిజ్‌లో పది రోజులు.

ఏడాది నిండని పిల్లలకు తేనె ఉన్నవి అసలు పెట్టొద్దు. ఐదేళ్ల లోపు పిల్లల కోసమైతే పప్పులు పలుకుల్లేకుండా మెత్తగా పొడి చేసి కలిపి, ఉండను చిదిపి పెట్టాలి. పల్లీలు, జీడిపప్పు కొందరు పిల్లలకు పడవు. టిఫిన్ డబ్బాలో పెట్టి స్కూల్లో పంచుకోమనే ముందు ఆ సంగతి కనుక్కోండి.