పోర్టింగా, కొత్త నంబరా?

సిగ్నల్ సరిగా లేక కంపెనీ మారాలనుకుంటే చాలామంది కొత్త సిమ్ కొనేస్తారు. నిమిషాల్లో పని అయిపోతుంది, నిజమే. అసలు తిప్పలు తర్వాతే: ఆధార్, బ్యాంకు, గ్యాస్, పీఎఫ్, అన్నిచోట్లా నంబరు మార్చుకోవాలి. ఒక్కటి మరిచినా ఓటీపీ పాత నంబరుకే పోతుంది. రీచార్జ్ లేక ఆ నంబరు రద్దయితే, కొన్నాళ్లకు దాన్ని ఇంకొకరికి ఇస్తారు. నాకు భయం అక్కడే.

పోర్టింగ్‌లో, అంటే ఉన్న నంబరుతోనే కంపెనీ మారడంలో, ఆ టెన్షన్ లేదు. పోర్ట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కి మెసేజ్ పెట్టాలి. వచ్చే కోడ్ మన దగ్గర 4 రోజులే చెల్లుతుంది. దానితో, ఆధార్‌తో కొత్త కంపెనీ స్టోర్‌కి వెళ్తే చాలు. ఒకే సర్కిల్‌లో, అంటే ఒకే టెలికాం ప్రాంతంలో, అయితే మారడానికి దాదాపు 3 పనిదినాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ టెలికాం లెక్కలో ఇప్పటికీ ఒకే సర్కిల్. వేరే సర్కిల్ అయితే 5.

షరతులున్నాయి. ఇప్పటి కంపెనీలో 90 రోజులు నిండాలి, పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉండకూడదు. ప్రీపెయిడ్‌లో మిగిలిన బ్యాలెన్స్ పోతుంది కాబట్టి ప్యాక్ అయిపోయే ముందు మారండి.

డేటా కోసమే రెండో సిమ్ కావాలంటే కొత్త నంబరు తీసుకోండి. బ్యాంకుకు ఇచ్చిన నంబరును మాత్రం పోర్టే చేయించండి.