మూడు బసలు, ఒక పోయిన ల్యాప్‌టాప్

ఆఫీసు పని మీద పది రోజుల ప్రయాణం, మూడు చోట్ల బస. ల్యాప్‌టాప్‌తో తిరిగేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

రైల్లో పై బెర్తు దొరికింది. బ్యాగు తల కింద పెట్టుకున్నాను. మెడ పట్టేసింది కానీ టెన్షన్ లేదు. విమానాశ్రయంలో స్కానర్ దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. ల్యాప్‌టాప్ ట్రే ముందే అవతలికి వెళ్లిపోతుంది, మనమింకా ఇవతల బూట్లు విప్పుతూ ఉంటాం. అక్కడ అన్నీ ఒకేలాంటి మెషీన్లే. మూత మీద పసుపు స్టిక్కర్ అంటించుకోవడం ఎంత మేలు చేసిందో!

మొదటి హోటల్ గది శుభ్రంగా ఉంది, వైఫై ఫరవాలేదు. అల్మరాలో డిజిటల్ సేఫ్ చూసి సంబరపడ్డాను. మర్నాడు పెట్టిన నంబరు మర్చిపోయాను. రిసెప్షన్ నుంచి వచ్చినతను ఏవో అంకెలు నొక్కి అర నిమిషంలో తెరిచేశాడు. నవ్వుతూ థాంక్స్ చెప్పాను గానీ, ఇక ఆ సేఫ్‌లో చొక్కాలు పెట్టుకోవడమే నయం అనిపించింది.

రెండోది చవక హాస్టల్. గదిలో నలుగురం. అయినా మన తాళం మనమే వేసుకునే లాకరు ఇచ్చారు. మూడింటిలో నాకు నచ్చింది ఇదే.

మూడోది పెద్ద హోటల్. చెకౌట్ అయ్యాక సాయంత్రం దాకా సామాన్లు వాళ్ల లగేజీ గదిలో పెట్టాను. తిరిగొస్తే సూట్‌కేసు ఉంది, ల్యాప్‌టాప్ బ్యాగు లేదు. దాని టోకెన్ నా జేబులోనే ఉంది! కెమెరా కౌంటర్ వైపు చూస్తోంది తప్ప ఆ గది తలుపు వైపు కాదు. ‘విలువైన వస్తువులకు మా బాధ్యత లేదు’ అన్న బోర్డు మాత్రం తలుపు వెనక భద్రంగా ఉంది.

పోలీసు ఫిర్యాదుకి సీరియల్ నంబరు అడిగారు. కొన్న బిల్లు ఫొటో మెయిల్‌లో ఉండబట్టి సరిపోయింది. ఫోన్ నుంచే పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని ఖాతాల్లోంచీ ఆ మెషీన్‌ని లాగౌట్ చేశాను. దూరం నుంచి డేటా చెరిపేసే ఆదేశం కూడా పంపాను. అది నెట్‌కి తగిలితేనే పనిచేస్తుంది, తగులుతుందన్న ఆశ లేదు.

డిస్క్‌కి బిట్‌లాకర్ ఉంది, అంటే కీ లేకుండా చదవలేని రూపంలోకి డేటాని మార్చే (ఎన్‌క్రిప్షన్) విండోస్ తాళం; మెషీన్‌ని స్లీప్‌లో వదలకుండా పూర్తిగా ఆపే ఇచ్చాను. లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే ఉండుంటే, డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్లన్నీ కనబడేవి. ఆ తాళం తీయగల 48 అంకెల రికవరీ కీ కాగితం ఇంట్లో ఉంది. ఇంత చేశాను కదా అని ధీమాగా రైలెక్కాను.

సగం దారిలో గుర్తొచ్చింది, బ్యాగు పక్క జిప్పులో పెన్‌డ్రైవ్. ప్రింట్ కోసమని క్లయింట్ల గుర్తింపు కార్డుల కాపీలు అందులో వేశాను, ఏ తాళమూ లేకుండా. 2006లో అమెరికాలో మాజీ సైనికుల శాఖ ఉద్యోగి ఇంట్లోంచి ల్యాప్‌టాప్‌తో పాటు ఎక్స్‌టర్నల్ డిస్క్ కూడా పోయి, సుమారు 2 కోట్ల 65 లక్షల మంది వివరాలు ప్రమాదంలో పడ్డాయి. అప్పుడూ ఎన్‌క్రిప్షన్ లేదు. చివరికి డిస్క్ దొరికింది, వివరాలు ఎవరూ తెరిచిన ఆనవాళ్లు లేవన్నారు. నాది ఇంకా దొరకలేదు.

ముందు మా మేనేజరుకి చెప్పాను. ఆ తర్వాత కిటికీ పక్కన కూర్చుని క్లయింట్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. మొత్తం పదకొండు మంది.