'24 గంటల కంపోస్టు' యంత్రం: నాలుగేళ్లు నడిపాక

బెంగళూరు అపార్ట్‌మెంట్లు తడి చెత్త కోసం కొనే యంత్రాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి చెత్తను తురిమి, రంపపు పొట్టు కలిపి ఇస్తుంది. దాన్ని పక్కన ట్రేలలో మాగబెట్టుకోవాలి. రెండోది పూర్తి ఆటోమేటిక్. హీటరున్న డ్రమ్ము, లోపల తిరిగే షాఫ్టు, బ్లేడ్లు, ఆవిరిని తోసే ఫ్యాను ఉంటాయి. పొద్దున చెత్త వేస్తే మర్నాటికి ఎరువు చేతికొస్తుందని అమ్మేది దీన్నే. మారతహళ్లి వైపు 200 ఇళ్ల సముదాయంలో రోజుకు 100 కిలోల సామర్థ్యమున్న యంత్రం నాలుగేళ్లు నడిచాక రాస్తున్న సమీక్ష ఇది. ముందే చెప్పేస్తే మేలు: ఇది మంచి డ్రయ్యరు, కంపోస్టరు మాత్రం కాదు.

వంటింటి చెత్తలో ముప్పాతిక వంతు నీళ్లే. 100 కిలోల్లో 75 కిలోలు నీరైతే, ఘనపదార్థం 25. అందులో 70 కిలోల నీరు ఆవిరి చేస్తే మిగిలేది 30 కిలోల పొడి. బరువు 90 శాతం తగ్గుతుందని అమ్మేవాళ్లు చెబితే అక్కడే ఆపి అడగాలి: ఘనపదార్థంలో సగానికి పైగా ఒక్కరోజులో ఎక్కడికి పోయింది? సూక్ష్మజీవులు అంత వేగంగా తినలేవు. పైగా తేమ 20 శాతానికి పడిపోయాక అవి పని చేయవు. వాటికి 50 నుంచి 60 శాతం తేమ, గాలి, వారాల సమయం కావాలి. ఎండబెట్టిన చెత్త వడియం లాంటిది. నీళ్లు తగిలేదాకా చెడదు. తగిలాక లోపలున్నది మళ్లీ పిండే.

కరెంటు సంగతి. కిలో నీటిని ఆవిరి చేయడానికి కనీసం 0.63 యూనిట్లు కావాలి. 70 కిలోలకు 44. ఇది భౌతికశాస్త్రం పెట్టిన హద్దు, మోటారు, ఫ్యాను ఖర్చు ఇందులో లేదు. మీటరు ఎప్పుడూ ఇంతకంటే ఎక్కువే చూపిస్తుంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకున్నా, రోజుకు 30 కిలోలు దాటుతుంది. 'జీరో కార్బన్' స్టిక్కరు అంటించిన యంత్రం ఇది.

వాడకంలో ఎక్కువగా చెడేవి షాఫ్టు, గేరుబాక్సు. మామిడి టెంక, కొబ్బరి చిప్ప, మునగ పిప్పి, చెంచా: వీటిలో ఏ ఒక్కటి పడినా బ్లేడు ఆగి మోటారు ట్రిప్ అవుతుంది. అన్నం ఎక్కువైన రోజు గంజి కట్టి డ్రమ్ము గోడకు పెచ్చులా అంటుకుంటుంది. ఆ పెచ్చు వల్ల వేడి లోపలికి చేరక ఒక్కో విడత ఆరడానికి ఎక్కువ సేపు పడుతుంది. వారానికోసారి గోకాలి. నిమ్మ, చింతపండు పిప్పి వల్ల పులుపు పెరిగి ఘాటైన వాసన వస్తుంది. ఫిల్టరు పాతబడితే ఆ వాసన పై అంతస్తులకు వెళ్తుంది. ఇంకో తంటా 'కంపోస్టబుల్' సంచులు. ఐఎస్‌ఓ 17088 ప్రమాణం ప్రకారం వాటిని పరీక్షించేది 58 డిగ్రీల దగ్గర, 12 వారాలకు అవి చిన్న ముక్కలైపోతే పాసు. ఒక్కరోజు యంత్రంలో అవి కరగవు, షాఫ్టుకు తాడులా చుట్టుకుంటాయి. చెత్తను సంచి లేకుండా బకెట్‌లోనే తీసుకోవాలి, వేరే దారి లేదు.

బయటికొచ్చిన గోధుమరంగు పొడిని నేరుగా కుండీల్లో వేస్తే మొక్క ఆకులు పసుపుబారతాయి, బూజు, ఈగలు వస్తాయి. కారణం, అది మట్టిలోనే చివకడం మొదలుపెట్టి వేర్ల దగ్గర నత్రజనిని, ఆక్సిజన్‌ను లాగేస్తుంది. కూరల ఉప్పు కూడా అందులోనే మిగిలి ఉంటుంది. తేల్చుకోవడం తేలిక: గుప్పెడు పొడి తడిపి, జిప్ సంచిలో మూడు రోజులు పెట్టండి. వేడెక్కి కంపు కొడితే అది ఎరువు కాదు. మాగిన ఎరువు మట్టి వాసనే ఇస్తుంది. పది మెంతులు ఆ పొడిలో చల్లి, మామూలు మట్టిలో మరో పది చల్లి మొలకలు పోల్చినా తెలిసిపోతుంది.

'చూశారా, ఈ పర్యావరణమంతా బూటకం, లారీకెక్కించి పంపేయండి' అనే వాళ్ల మాట కూడా ఒప్పుకోలేం. ఆ లారీలు ఎక్కడికి వెళ్లాయో బెంగళూరు పక్కనున్న మండూరు ఊరి వాళ్లకు తెలుసు. వాళ్లు పోరాడితేగానీ 2014 చివరికి అక్కడ చెత్త పోయడం ఆగలేదు. 2016 ఘన వ్యర్థాల నియమాలు 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ సముదాయాలు తడి చెత్తను వీలైనంత వరకు లోపలే శుద్ధి చేసుకోవాలన్నది అందుకే. తప్పు కంపోస్టుది కాదు. ఆరబెట్టి, దానికి కంపోస్టని పేరు పెట్టడమే తప్పు. యంత్రం కొన్న రశీదు చూపించి నియమం పాటించేశామనుకునే సంఘాలూ ఇందులో భాగమే.

ఇప్పటికే కొని ఉంటే పారేయకండి. పది కిలోల పొడికి తొమ్మిది, పది లీటర్ల నీళ్లు, కిలో పాత ఎరువు లేదా పేడ, పొడితో దాదాపు సమాన పరిమాణంలో ఎండుటాకులు కలపండి. రంపపు పొట్టు అతిగా వేస్తే కార్బన్ పెరిగి నెలలు పడుతుంది, ఆకులే నయం. పిడికిట పిసికితే ముద్ద కట్టాలి, నీటి చుక్క కారకూడదు. చిల్లులున్న, పొడవు, వెడల్పు, ఎత్తు మీటరు చొప్పున ఉన్న ట్యాంకులో పోస్తే మూడో రోజుకల్లా 55 డిగ్రీలు దాటాలి. దాటలేదంటే తేమ తక్కువైనా అయ్యుండాలి, కుప్ప చిన్నదైనా అయ్యుండాలి. వారానికోసారి తిరగేస్తే 45 రోజులకు నల్లగా చివుకుతుంది. ల్యాబుకు పంపితే కార్బన్-నత్రజని నిష్పత్తి 20 లోపు రావాలి, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు సిటీ కంపోస్టుకు పెట్టిన హద్దు అదే.

ఇంకా కొనని వాళ్లు ముందు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కంపోస్టు పద్ధతులు నేర్పడానికి ఏర్పాటైన స్వచ్ఛగ్రహ కలికా కేంద్రం లాంటి చోట కరెంటు అక్కర్లేని ట్యాంకులు చూసి రండి. యంత్రమే కావాలనుకుంటే, దాని కొటేషన్‌తోపాటు మాగబెట్టే చోటు కూడా లెక్కలో వేయండి: రోజుకు 100 కిలోలకు ఆరేడు ట్యాంకులు, అంటే రెండు కార్ల పార్కింగ్ స్థలం.