ఆవిరా, మిరియాల పాలా?

ముక్కు దిబ్బడేస్తే ఆవిరి, రాత్రిళ్లు పొడిదగ్గు నిద్రపోనివ్వకపోతే మిరియాల పాలు. రెండూ జలుబును పోగొట్టవు, కాస్త ఊరటనిస్తాయి.

ఆవిరికి మరిగిన నీళ్లు దించి, రెండు నిమిషాలాగి, జానెడు దూరం నుంచి ఐదు నిమిషాలు పడితే చాలు. బామ్ ఎక్కువైతే కళ్లు మండుతాయి. చిన్నపిల్లలకు వద్దే వద్దు, గిన్నె ఒరిగితే ఒళ్లు కాలుతుంది.

పాలకైతే గ్లాసుకు నాలుగు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, చిటికెడు పసుపుతో మూడు నిమిషాలు మరిగించి వడగట్టాలి. మెత్తటి పొడి వేస్తే గొంతులో గరగరలాడి దగ్గే పెరుగుతుంది. అల్లం కావాలంటే పాలు పొంగాకే వేయాలి. పచ్చిపాలలో వేసి కాస్తే విరిగిపోతాయి. తేనె గోరువెచ్చగా అయ్యాక కలపాలి. ఏడాది నిండని పిల్లలకు తేనె చుక్క కూడా నాకించకూడదు, పెద్దవాళ్లు ఎంత చెప్పినా సరే. ఆయాసం వస్తే ఈ రెండూ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికే.